సేవ, స్నేహం, జామీను సంతకం: విశ్వాసి దేన్ని వదులుకోవచ్చు? (బెంగళూరు స్టూడియో చర్చ)

యాంకర్: అందరికీ వందనాలు. బెంగళూరులో ఉంటున్న మన తెలుగు విశ్వాసుల్లో చాలామందికి వారమంతా ఆఫీసు, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం కాయిర్ ప్రాక్టీసు, ఆదివారం సండే స్కూలు. ఇంతా చేశాక బైబిలు తెరిచే ఓపికే ఉండటం లేదంటున్నారు. సిస్టర్, మీదీ ఇదే పరిస్థితా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని: అవునండి. మారతహళ్ళిలో మేం వెళ్ళే సంఘంలో పాటలు నేనే, పిల్లల క్లాసు నేనే, భోజనాల లెక్కా నేనే. ఒక్కటి మానేస్తానంటే 'ప్రభువు పని వద్దంటావా' అంటారు. ఇక నోరెత్తలేను.

పాస్టర్: ఆ మాట అనకూడదమ్మా. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనానికి న్యాయం తీరుస్తుంటే, మామ యిత్రో ఏమన్నాడు? నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. నిర్గమకాండం 18లో ఉంది. మోషే చేసింది దేవుని పనే. అయినా పంచుకోమన్నాడు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాళ్ళ భోజనం దగ్గర సణుగుడు మొదలైనప్పుడు కూడా ఏడుగురిని ఏర్పరచి ఆ పని వాళ్ళకు అప్పగించారు. నేను నొక్కి చెప్పేది అదే, అప్పగించి తప్పుకోండి. రేపు రానని శనివారం రాత్రి మెసేజ్ పెడితే ఆదివారం పిల్లలు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

కౌన్సిలర్: మరి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే, పాస్టర్ గారూ? కొన్నాళ్ళు ఆ పని ఆగాలి. ఆగనివ్వాలి.

పాస్టర్: మాకు కష్టమే, కానీ కాదనలేను. అందరూ నిన్ను వెతుకుతున్నారని సీమోను వచ్చి చెప్పినా, తెల్లవారకముందే వెళ్ళి ప్రార్థించుకుంటున్న యేసు కపెర్నహూముకు తిరిగి వెళ్ళలేదు. పక్క ఊళ్ళకు వెళ్దామన్నాడు.

యాంకర్: పనుల సంగతి సరే. మనుషుల సంగతి?

కౌన్సిలర్: నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు డబ్బు గురించే చెబుతారు. ఊళ్ళో బంధువు లోనుకు జామీను సంతకం పెట్టమంటాడు. కాదంటే 'క్రైస్తవుడివి, సాయం చేయవా' అంటాడు. సామెతలు 6వ అధ్యాయం తీయండి. జామీనులో చిక్కుకుంటే కునుకు తీయకుండా వెళ్ళి, బతిమాలి అయినా బయటపడమంటుంది. ముఖం చాటేయమనలేదు, వెళ్ళి మాట్లాడమంది. అయితే బతిమాలితే బ్యాంకు వదలదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. చెప్పేదేదో సంతకానికి ముందే చెప్పాలి.

ఉద్యోగిని: నాకు ఇంకో టెన్షన్. ఒక స్నేహితురాలు రోజూ రాత్రి ఫోన్ చేసి గంటలకొద్దీ అందరి మీదా చాడీలు చెబుతుంది. తర్వాత ప్రార్థనకు మనసు రాదు. తెంచేసుకోవాలా?

పాస్టర్: తొందరపడొద్దు. ఆత్మీయ ఎదుగుదలకు అడ్డని ముసలి తల్లిదండ్రులను కూడా దూరం పెట్టేవాళ్ళున్నారు. మార్కు 7లో కొర్బాను, అంటే 'ఇది దేవునికి అర్పితం' అన్న మాట చెప్పి అమ్మానాన్నలను గాలికొదిలేసిన భక్తినే యేసు గద్దించాడు.

కౌన్సిలర్: ఒక్క నిమిషం పాస్టర్ గారూ. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లను 'ఓర్చుకో, ప్రార్థించు' అని మన సంఘాల్లో వెనక్కి పంపిస్తున్నారు. అది సహనం కాదు. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండాలి. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది, 2005 గృహహింస చట్టం ఉంది. క్షమించినంత మాత్రాన దెబ్బలు తినడానికి తిరిగి వెళ్ళనక్కరలేదు.

పాస్టర్: అందులో రెండో మాట లేదు. అలా పంపించే సంఘపెద్ద దేవుడి ముందు జవాబు చెప్పుకోవాలి. సిస్టర్, మీ స్నేహితురాలి సంగతి అలాంటిది కాదు. సువార్త ప్రయాణానికి మార్కు అనే తోటి సేవకుణ్ణి వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్న దగ్గర పౌలు, బర్నబా గట్టిగా వాదించుకుని విడిపోయారు. అదే పౌలు తర్వాత తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకు రా, నాకు పరిచర్యకు పనికొస్తాడు అన్నాడు.

ఉద్యోగిని: మరి ఆమెతో ఏమనాలి?

కౌన్సిలర్: రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ఎత్తనని, అది ప్రార్థన టైమని నిజమే చెప్పండి. చార్జింగ్ అయిపోయిందని అబద్ధాలొద్దు. శనివారం మీరే ఫోన్ చేయండి. చాడీలు మొదలైతే, ఆ మనిషి లేనప్పుడు వద్దులే అనండి.

యాంకర్: కోపం తెచ్చుకుంటే?

కౌన్సిలర్: తెచ్చుకుంటుంది. అయినా శనివారం ఫోన్ మాత్రం మానకండి.