షిప్‌యార్డు ఖాళీ మీ దాకా వచ్చే దారి

ఐ.టి.ఐ. విద్యార్థులకు, అధ్యాపకులకు నమస్కారం.

విశాఖపట్నంలో నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించాం, షిప్‌యార్డు నుంచి పిలుపు ఎప్పుడు వస్తుందో" అని. ఈ ఎదురుచూపు వెనుక ఒక అపోహ ఉంది. ఎక్స్ఛేంజీ పేరు పంపుతుంది, అంతే. ఉద్యోగం ఇచ్చేది యార్డు.

ప్రభుత్వ సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని 1959లో చట్టం చేశారు. పరీక్షకో ఇంటర్వ్యూకో కనీసం 15 రోజుల ముందు ఆ వివరం అందాలన్నారు. అయితే ఎక్స్ఛేంజీ పంపిన వాళ్లలోనుంచే తీసుకోవాలని ఆ చట్టం ఎవరినీ కట్టడి చేయలేదు. మూడు నెలలకు తక్కువ కాలపు పనికి మినహాయింపు కూడా ఇచ్చింది. ఓడ మరమ్మతుకు రెండు నెలలు మనుషులు కావాలంటే ఆ కబురు ఎక్స్ఛేంజీకి చేరకపోవచ్చు.

1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ నియామకాల కేసులో సుప్రీంకోర్టు ఇంకో తలుపు తెరిచింది. ఎక్స్ఛేంజీకి చెబితే చాలదు, పత్రికల్లోనూ ప్రకటించాలి, నేరుగా దరఖాస్తు చేసినవారినీ పరిశీలించాలి అంది. కాబట్టి మీ పేరు వెళ్లలేదని ఇంట్లో కూర్చోకండి. ప్రకటన చూసి మీరే దరఖాస్తు పెట్టండి.

అలాగని ఎక్స్ఛేంజీ ఇచ్చిన నమోదు కార్డును పెట్టెలో పడేయకండి. యార్డు వెల్డర్లు కావాలని రాస్తే, ఎక్స్ఛేంజీ కార్యాలయంలో ముందు చూసేది మీ ట్రేడు, వయసు, రిజర్వేషను, పేరు నమోదైన తేదీ. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఐ.టి.ఐ. ముగించి అప్రెంటిస్‌షిప్ కూడా చేశాడు. కార్డులో మాత్రం పదో తరగతే ఉంది! వెల్డర్ల జాబితాలో అతని పేరు ఎలా వస్తుంది?

జాబితాలోకి వచ్చాక ట్రేడ్ టెస్టు, అంటే పని చేసి చూపించే పరీక్ష. బల్ల మీద పెట్టిన ప్లేటును అతికించడం మీకు బాగానే వచ్చు. ఓడ అడుగుభాగంలో ప్లేటు తల మీద ఉంటుంది, కరిగిన లోహం మీ మీదికే జారాలని చూస్తుంది, మెడ పట్టేస్తుంది. పరీక్షకుడు అతుకు మీద గట్టిపడిన పెంకును, అంటే స్లాగ్‌ను, రాలగొట్టి, వైరు బ్రష్‌తో రుద్ది, అతుకు అంచున గాడి పడిందా అని వంగి చూస్తాడు. అక్కడ రిజిస్ట్రేషన్ తేదీ ఎవరూ అడగరు.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం ఈ ఎక్స్ఛేంజీ కార్యాలయాలను కెరీర్ సెంటర్లని పిలిచింది. పేరు ఏదైనా, ఖాళీలు తెలియజేయాల్సిన బాధ్యత అందులోనూ ఉంది.

ఇక ఒక్క పని చేద్దాం. కార్డు తెచ్చుకున్నవాళ్లు బయటికి తీయండి. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కదా, మీ తేదీ ఎప్పుడో చూడండి.