స్నేర్ మార్చకండి, స్కిన్ మార్చండి!

లక్ష రూపాయల డ్రమ్ కిట్ కోసం ఇంట్లో గొడవ పడుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడున్న కిట్ మీద స్కిన్, అంటే డ్రమ్ మీద బిగించే పొర, చివరిసారి ఎప్పుడు మార్చారు? గుర్తు లేదు కదా! మరి కొత్త కిట్ మాట ఎందుకు ఎత్తుతున్నారు?

పోయిన వారం జరిగిన లొల్లి చెప్తాను. రెండు స్నేర్ల (కింది స్కిన్‌కు తీగలు ఆనించి ఉండే డ్రమ్‌ల) సౌండ్ పెట్టి, వీటిలో ఖరీదైనది ఏదో చెప్పమన్నాను. ఎక్కువ మంది మొదటిదే అన్నారు. "మేపుల్ అన్నా, ఆ వార్మ్‌నెస్సే వేరు" అని ఒకరు, "చెవులున్న ఎవరికైనా తెలిసిపోతుంది" అని ఇంకొకరు రాశారు. మేపుల్, పాప్లర్ అంటే డ్రమ్‌లు చేసే చెక్క రకాలు. ఆ మొదటిది ఉప్పల్ నుంచి ఒక తమ్ముడు తెచ్చిన సెకండ్‌హ్యాండ్ పాప్లర్ స్నేర్. మేపుల్ రెండోది. దాని ధరకు ఇలాంటి పాప్లర్ స్నేర్లు అరడజను వస్తాయి.

జవాబు చెప్పానో లేదో, మీద పడ్డారు. మోసం అన్నారు. మైక్‌లో మాయ చేశావన్నారు. "చవక స్నేర్‌కు కొత్త స్కిన్ వేసి, మేపుల్‌కు రెండేళ్ల పాత స్కిన్ ఉంచి పోలుస్తావా?" అని అడిగారు.

అవును, ఉంచాను. ఆ పాత స్కిన్ నేను వెతికి తెచ్చి బిగించింది కాదు. దాని ఓనర్ అదే స్కిన్‌తో రెండేళ్లుగా స్టేజీల మీద వాయిస్తున్నాడు! అంత డబ్బు పోసి కొన్న మేపుల్ సౌండ్ ఆయన ఒక్కరోజు కూడా సరిగ్గా వినలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఉప్పల్ తమ్ముడి స్నేర్ నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్తాను. 14 అంగుళాల స్నేర్. స్కిన్ నడుమ గుంట పడింది, బొటనవేలు పెడితే అందులో కూర్చుంటోంది. దాని పక్కన మూడు ముక్కల టేపు, టేపు కింద మడతపెట్టిన టిష్యూ పేపర్. స్కిన్‌ను చుట్టూ బిగించే ఎనిమిది రాడ్లలో ఒకటి కీ (వాటిని తిప్పే పనిముట్టు) లేకుండా చేత్తోనే తిరిగిపోతోంది. కింది స్కిన్ కొన్న రోజు నుంచి ముట్టుకోలేదట. "అన్నా, బకెట్ మీద కొట్టినట్టుంది, అమ్మేస్తా" అన్నాడు.

రెండు స్కిన్‌లూ ఊడదీశాం. లోపల అంచు మీద పేరుకున్న దుమ్మును బట్టతో తుడిచాం. పైన కొత్త స్కిన్ వేసి, రాడ్లన్నీ ముందు వేళ్లతో బిగించి, తర్వాత కీ పట్టుకున్నాం. ఒక రాడ్ బిగిస్తే, దాని తర్వాత ఎదురుగా ఉన్న రాడ్. పావు చుట్టు, మళ్లీ పావు చుట్టు. ఆ తర్వాత ఒక్కో రాడ్ దగ్గర, అంచుకు అంగుళం లోపల, పుల్లతో మెల్లగా తట్టి వినమన్నాను. ఆరు చోట్ల ఒకే సౌండ్, రెండు చోట్ల కిందికి దిగింది. ఆ రెండూ సరిచేశాక కింది స్కిన్ పట్టుకున్నాం. స్నేర్ వైర్లను పలికించేది అదే, పైదానిలో మూడో వంతు మందం కూడా ఉండదు. ముప్పావు గంట పట్టింది. ఖర్చు రెండు వేల పైచిలుకు, ఒక్క పై స్కిన్‌కే. తమ్ముడు పుల్ల అంచుకూ స్కిన్‌కూ ఒకేసారి తగిలేలా ఒక్క రిమ్ షాట్ కొట్టాడు, గది మొత్తం ఖంగుమంది. వాడి మొహం మీరు చూడాల్సింది.

ఇదేదో విదేశీ విద్య అనుకుంటున్నారా? ఆషాఢంలో లాల్ దర్వాజ బోనాలకు వెళ్తే, ఊరేగింపు పక్కన గల్లీలోకి ఒకసారి తొంగి చూడండి. డప్పు వాయించే అన్నలు పాత పేపర్లు, అట్టముక్కలు పోగేసి మంట పెడతారు. డప్పు అంచు పట్టుకుని సెగ మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలితో కొట్టి వింటారు. చాలలేదా, మళ్లీ తిప్పుతారు. వానాకాలం గాలికి తోలు చెమ్మ పీల్చి సడలుతుంది, సెగ తగిలితే ఆ చెమ్మ పోయి బిగుస్తుంది. మరీ ఎక్కువ కాస్తే పగులుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది చెవి ఒక్కటే. కంగుమన్నాకే సిర్ర (డప్పు వాయించే పుల్ల) చేతిలోకి తీసుకుంటారు. ఊరేగింపు నాలుగు అడుగులు వేశాక, వాన చినుకు పడిందంటే మళ్లీ మంట! వాళ్లలో ఎవరైనా "ఈ డప్పు బాగాలేదు, ఖరీదైన చెక్కతో ఇంకోటి కొందాం" అనడం మీరు విన్నారా? నేను వినలేదు.

డ్రమ్ కిట్‌కు కూడా ఒకప్పుడు దూడ తోలే వాడేవాళ్లు. వాన పడితే అమెరికా డ్రమ్మర్ కూడా పరేషాన్ అయ్యేవాడు. 1950ల్లో చిక్ ఎవాన్స్ ఒకవైపు, రెమో బెల్లి ఇంకోవైపు పాలిస్టర్‌తో స్కిన్‌లు చేశారు. రెమో కంపెనీ 1957లో మొదలైంది. ఆ ప్లాస్టిక్‌కు చెమ్మ పట్టదు. నా థియరీ ఏంటంటే, మన చెవులు బద్ధకించింది అప్పుడే. తోలు రోజూ మనిషిని పిలిచి పని చేయించుకునేది. ప్లాస్టిక్ పిలవదు, మనం చూడం. కానీ దెబ్బ దెబ్బకూ అది సాగుతూనే ఉంటుంది, రాడ్లు వదులవుతూనే ఉంటాయి.

ఇక బ్రాండ్ పిచ్చి సంగతి. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ అమెరికా టీవీలో వాయించాడు. దాదాపు 7.3 కోట్ల మంది చూశారు, బేస్ డ్రమ్ మీద లడ్విగ్ అనే డ్రమ్ కంపెనీ పేరు కూడా చూశారు. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిచింది. అందరూ కిట్ కొన్నారు. అదే రింగో తర్వాత రికార్డింగ్‌లలో డ్రమ్‌ల మీద తువ్వాళ్లు పరిచి, తనకు కావాల్సిన సౌండ్ తెచ్చుకున్నాడు. ఆ తువ్వాలు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు! మన డ్రమ్మర్ శివమణి గారిని చూడండి, 2019లో పద్మశ్రీ అందుకున్న మనిషి. సూట్‌కేసు మీద వాయించినా జనం లేచి నిలబడతారు. ఆ సూట్‌కేసు మేపుల్ చెక్కా, బర్చ్ చెక్కా అని అడుగుతారా?

డబ్బు పెట్టాలనే ఉంటే సింబల్స్ (కిట్‌లోని లోహపు పళ్లాలు) మీద పెట్టండి, అక్కడ నేను అడ్డు చెప్పను. సింబల్‌కు కీ లేదు, దాన్ని ట్యూన్ చేయలేం. మంచి సింబల్‌లో 80 శాతం రాగి, 20 శాతం తగరం ఉంటుంది. అంటే కంచు, మన గుడి గంట లోహమే. జిల్జియన్ కుటుంబం ఇస్తాంబుల్‌లో 1623 నుంచి సింబల్స్ చేస్తూ వచ్చింది. ఇత్తడి సింబల్ కొన్నారంటే ఎన్నాళ్లు వాయించినా అది ఇత్తడిలాగే మోగుతుంది, ఏ కీ దాన్ని కాపాడదు.

డ్రమ్ అలా కాదు, దాని సౌండ్ మీ చేతిలో ఉంది. ఈ ఆదివారం మీ స్నేర్ ముందు పెట్టుకోండి. ఇప్పుడున్న సౌండ్ ఫోన్‌లో రికార్డ్ చేయండి. స్కిన్ మార్చి, ఒక్కో రాడ్ దగ్గర తట్టి విని, సరిచేసి, అదే ఫోన్‌తో, అదే గదిలో మళ్లీ రికార్డ్ చేయండి. రెండూ నాకు పంపండి, పోయిన వారం నన్ను తిట్టినవాళ్లు కూడా. అన్నీ వరుసగా పెట్టి వినిపిస్తాను. అప్పటికీ మీ స్నేర్ బకెట్‌లాగే మోగితే చెప్పండి, లక్ష రూపాయల కిట్ కొనడానికి షాపుకు నేనే మీతో వస్తాను.