నిశానీ పైన రాసినది

అధ్యక్షులకు, పెద్దలకు, న్యాయ విద్యార్థులకు నమస్కారం. బెంచి క్లర్కుగా పనిచేసి విరమించిన నన్ను పిలిచి, ఇంగ్లీషువారితో యుద్ధంలో ఫ్రెంచి సేనను నడిపి, పట్టుబడి, మతద్రోహ నేరం మోపబడిన జోన్ ఆఫ్ ఆర్క్ విచారణ గురించి మాట్లాడమన్నారు కాబట్టి, ఆమె విన్నది దేవవాణి అవునా కాదా అన్న వాదాన్ని పండితులకు వదిలి, నేను రికార్డు దగ్గరికే వెళతాను.

1431లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో విచారణ నడిపిన బిషప్ పియర్ కోషోన్ ఇంగ్లీషువారి పక్షం మనిషి. సెయింట్ మైకేల్, కేథరిన్, మార్గరెట్ తనతో మాట్లాడుతున్నారన్న ఆ సుమారు 19 ఏళ్ల పల్లెటూరి పిల్లను చర్చి చెరలో ఆడవారి కాపలాలో ఉంచవలసింది పోయి, కోటలో ఇంగ్లీషు సైనికుల మధ్య సంకెళ్లతో ఉంచారు. ఫిబ్రవరి 24న, నీవు దేవుని కృపలో ఉన్నావా అని అడిగారు. ఉన్నానంటే అహంకారం, లేనంటే నేరాంగీకారం. లేకపోతే దేవుడు నన్ను అందులో చేర్చుగాక, ఉంటే అందులోనే నిలుపుగాక అన్నది ఆమె. ఆ జవాబు లేఖకుడు గియోమ్ మాన్షోన్ రికార్డులో నిలిచింది. మాటలు మార్చి రాయమని తనను ఒత్తిడి చేశారని అతడే తర్వాత సాక్ష్యమిచ్చాడు.

అసలు సంగతి మే 24 నాటిది. సెయింట్ ఊఎన్ శ్మశానంలో, తన తప్పు ఒప్పుకునే కాగితం మీద ఆమె చేత గుర్తు పెట్టించారు. చదివి వినిపించినది ఏడెనిమిది పంక్తులేనని చూసినవారు చెప్పారు. రికార్డులో ఉన్నది దానికి ఎన్నో రెట్లు పొడవు. రేపు నల్లకోటు వేసుకోబోయే పిల్లలూ, ఈ రెండు కాగితాల సంగతి మరవకండి. మా కోర్టులో ఒక ముసలమ్మ వాంగ్మూలం కింద నిశానీ వేస్తూ, "నేను చెప్పిందే రాశారా నాయనా?" అని నన్ను అడిగింది. పొద్దుపోతోందని, నేను మళ్లీ చదవకుండానే అవునన్నాను.

ఇక మగదుస్తులు వేయనని ఆ కాగితంలో ఒప్పుకున్న జోన్, మే 28న మళ్లీ మగదుస్తుల్లో కనిపించి, స్వరాలు తిరిగి పలికాయని చెప్పింది. ఆ మాట పక్కన, అంచున, లాటిన్‌లో రెండే ముక్కలు ఉన్నాయి: ప్రాణాంతకమైన జవాబు. 30న ఆమెను కాల్చివేశారు. తల్లి ఇసబెల్ మొరపెట్టుకున్న మీదట జరిగిన పునర్విచారణలో, 1456లో ఆ తీర్పును రద్దు చేశారు.

మాన్షోన్ ఆమె చావు చూసి నెల రోజులు కోలుకోలేదట; ఆ విచారణలో తనకు ముట్టిన సొమ్ములో కొంతతో, ఆమె కోసం ప్రార్థించడానికి చిన్న ప్రార్థన పుస్తకం కొన్నాడు. నేను ఆ ముసలమ్మ ఫైలుకు దారం కట్టి రికార్డు గదికి పంపేశాను.