ఆపితేనే అత్యవసరమా?

మిత్రులారా,

వందేళ్లు గడిచేసరికి మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే సరిపోతుందని ఆర్థికవేత్త కీన్స్ 1930లో రాశాడు. ఆ గడువు 2030. మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలన్నది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత 70 గంటలు చెయ్యాలన్నారు. ఈలోపు యంత్రాలు రాలేదా అంటే, వచ్చాయి. కోతలకు హార్వెస్టర్ వచ్చింది, లెక్కలకు కంప్యూటర్ వచ్చింది. మరి మిగలాల్సిన టైమ్ ఏమైంది?

చాలావరకు, పని జరుగుతోందని చూపించడానికే పోయిందని నా అనుమానం. టైమ్‌షీట్ నింపాలి. స్టేటస్ కాల్‌లో మాట్లాడాలి. అందులో ఏం చెప్పాలో తేల్చుకోవడానికి ముందు ఇంకో కాల్. ఆఫీసు పనంతా దండగని నేననను. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తోందంటే దాని వెనక కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అంగన్‌వాడీల సంగతి చూడండి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో కార్యకర్తలు, ఆయాలు జీతాలు పెంచమని సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం వాళ్లమీద ఎస్మా ప్రయోగించింది, అంటే అత్యవసర సేవల చట్టం. పసిపిల్లల తిండి, గర్భిణుల పోషణ ఆగకూడదు కదా, నిజమే. కానీ అదే ప్రభుత్వం లెక్కల్లో వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం! చేస్తున్నన్నాళ్లూ సేవ, ఆపగానే అత్యవసరం. పని అవసరమా కాదా అని తేల్చడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష నాకు తెలియదు. అందులో నెగ్గినవాళ్ల చేతికి వచ్చేదేమో తక్కువ.

ఆ పనికీ చూపించే పని తోడైంది. పిల్లల బరువు, ఎత్తు కొలిచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. కొలవడం మంచిదే. సిగ్నల్ కోసం కార్యకర్త గుమ్మం దగ్గర ఫోన్ పైకెత్తి నిలబడితే, లోపల పిల్లల్ని ఎవరు చూడాలి?

మీలో అధికారులున్నారు, మేనేజర్లున్నారు. మీ కింద తయారయ్యే రిపోర్టుల్లో ఒకటి ఎంచుకుని నెల రోజులు ఆపించి చూడండి. ఎవరూ అడగకపోతే దాన్ని తీసేసి, ఆ గంటలు మీవాళ్లకు వదిలెయ్యండి. అదీ ఇంటికెళ్లడానికి, ఇంకో రిపోర్టు రాయడానికి కాదు. ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు చెప్పకండి.