కత్తి పెడితే పాకుతదా?

(హనుమకొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక సర్జన్ చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. సరిగ్గా భోజనాల ముందు పెద్దపేగు క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు. నిర్వాహకుల ధైర్యానికి మెచ్చుకోవాలి.

నా ఓపీలో తరచుగా వినే మాటలు రెండున్నాయి. "కత్తి వెడితె పాకుతదంట గద సారూ?" అనేది ఒకటి. "కీమో ఎక్కిస్తె మనిషి దక్కడంట గదా?" అనేది రెండోది. కీమో అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులు. ఈ రెండు 'అంట'ల వల్ల ఎన్ని నెలలు వృథా అవుతాయో చెప్పలేను.

మొదటిది ఎలా పుట్టిందో ఊహించగలను. ఊళ్లో ఒకాయనకు ఆపరేషన్ అయింది, ఆరు నెలలకు పోయాడు. ఊరు చూసింది అంతే. పొట్ట తెరిచేనాటికే ఆయన గడ్డ కాలేయానికి చేరిందన్న సంగతి ఊరికి ఎవరూ చెప్పలేదు.

మన పెద్దపేగు పొడవు దాదాపు మీటరున్నర. లోపలి పొర మీద పులిపిరి లాంటి బుడిపెలు లేస్తుంటాయి, పాలిప్ అంటాం. వాటిలో చాలావరకు ఏమీ కావు. కొన్ని మాత్రం క్యాన్సర్‌గా మారతాయి, అదీ సాధారణంగా పదేళ్లు తీసుకుని. ఆలోపు కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, కనిపిస్తే ఆ గొట్టం గుండానే తీగతో కోసి తీసేయొచ్చు. కుట్లు కూడా ఉండవు.

మరి మన దగ్గర జరిగేదేమిటి? పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. ఏడాదిగా దొడ్డికి పోతే రక్తం పడుతోంది. "అర్శమొలలే గద సారూ" అన్నాడు. గోడమీది రాత చూసి ఒకచోట మందు వాడాడు, తర్వాత ఇంకోచోట. ఏడాదిలో ఒక్కరు కూడా వేలు పెట్టి పరీక్ష చేయలేదు. ఆయనకున్న క్యాన్సర్ గడ్డ మలద్వారంలో వేలికి అందేంత దగ్గర్లోనే ఉంది. ఆ రోజు నాకు కోపం వచ్చింది, రైతు మీద కాదు.

ఇంకోటి, మీ వయసువాళ్లకు ముఖ్యమైనది. అరవై దాటిన మగమనిషికి ఐరన్ తగ్గి రక్తహీనత వస్తే టానిక్ రాసి పంపడం సరిపోదు. ఆ రక్తం ఎటు పోతోందో వెతకాలి. పెద్దపేగు కుడివైపు గడ్డ నుంచి కంటికి కనపడకుండానే కారుతూ ఉండొచ్చు.

ఇప్పుడు కత్తి సంగతి. మేం గడ్డను ఒక్కదాన్నే తీయం. అటూ ఇటూ కొంత మంచి పేగు, దానికి రక్తం తెచ్చే నాళం, ఆ నాళం వెంట ఉండే లింఫ్ గ్రంథులు అన్నీ ఒకే ముద్దగా తీస్తాం. పొలం చేసినవాళ్లకు తెలుసు, తుంగ పైన ఆకు తెంపితే వారానికి మళ్లీ లేస్తుంది, అడుగున గడ్డతో సహా రావాలి. తీసిన ముద్దలో కనీసం 12 గ్రంథులనైనా పెథాలజిస్టు, అంటే తీసిన ముక్కలను పరీక్షించే డాక్టరు, మైక్రోస్కోపు కింద చూడాలి. కీమో కావాలా వద్దా అనేది ఎక్కువగా ఆ రిపోర్టే తేలుస్తుంది. అందుకే ఆ కాగితం పారేయకండి. డిశ్చార్జి షీటు కన్నా అది విలువైనది.

మొదటి దశ అయితే ఆపరేషన్‌తోనే సరి. గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మాత్రం, గాయం మానాక, రెండు నెలలు దాటకుండా కీమో మొదలుపెడతాం. మూడు నుంచి ఆరు నెలలు సాగుతుంది. మలద్వారానికి దగ్గరి గడ్డలకు వరుస తరచుగా తిరగబడుతుంది. ముందు కరెంటు, అంటే రేడియేషన్, దాంతోపాటు కీమో. గడ్డ కుంచించుకుపోయాక ఆపరేషన్.

ఈ కీమోలో పాతకాపు 5-ఫ్లోరోయురాసిల్, 1957లో వచ్చింది. దానితో కలిపి ల్యూకోవోరిన్ ఎక్కిస్తారు. అది ఫోలిక్ యాసిడ్‌కే ఒక రూపం. క్యాన్సర్ కణం మీద మొదటి మందు పట్టును అది బిగిస్తుంది. ఫోలిక్ యాసిడ్ అనగానే మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. 1940ల్లో అమెరికాలో దాన్ని తయారుచేసింది ఆయన బృందమే. యువకుడిగా ఉన్నప్పుడు స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన సోదరులను బలితీసుకుంది, ఆయననూ పట్టింది. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుందని తర్వాత తేలింది. మన పిల్లలకు ఈ కథ బడిలో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కష్టాలు లేవని అనను. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు ఎక్కిన రోజుల్లో చల్లటిది తగిలితే చేతులు తిమ్మిరెక్కి కరెంటు కొట్టినట్టుంటుంది. వరంగల్ మే నెల ఎండలో కుండనీళ్లు కూడా తాగలేక గోరువెచ్చని నీళ్లు మింగడమంటే చిన్న శిక్ష కాదు. జుట్టు మాత్రం ఈ మందులతో పలచబడుతుందే కానీ సాధారణంగా పూర్తిగా ఊడదు. చాలామంది ఆడవాళ్లు అసలు భయపడేది దానికే, బయటికి అడగరు. జ్వరం 100.4 దాటితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, తెల్లకణాలు తగ్గి ఉంటాయి, వెంటనే ఆసుపత్రికి రండి. మేడారం జాతర ముందు "ఒక్క వారం ఆపుతరా సారూ" అని అడిగేవాళ్లుంటారు. నాలుగు రోజులు జరపొచ్చు. ఆ జనంలో దుమ్ములో తిరగడమే నాకు టెన్షన్.

మలం పడేందుకు పొట్టమీద అతికించే సంచికి జడిసి ఆపరేషన్ వద్దన్నవాళ్లను కూడా చూశాను. చాలాసార్లు అది తాత్కాలికం, కొన్ని నెలల తర్వాత పేగును లోపలికి కలిపేస్తాం. గడ్డ మరీ కింద ఉంటే శాశ్వతం. ఒక టీచరమ్మ ఆ సంచితోనే రోజూ బడికి వెళ్లి పాఠం చెప్పేవారు, స్టాఫ్‌రూములో ఎవరికీ తెలియదు.

పేగులో గడ్డ అనగానే క్యాన్సర్ అనుకోవద్దు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట టీబీ వస్తుంది. స్కానింగులో అచ్చం క్యాన్సర్‌లాగే కనిపించి మమ్మల్నీ తికమక పెడుతుంది. దానికి ఆరు నెలల మందులు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పేగు మూసుకుపోవడం లాంటివి జరిగితే తప్ప కత్తి అక్కర్లేదు. కాబట్టి ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, కాకుండా కీమోకు ఒప్పుకోకండి.

ఖర్చు గురించి ఒక్క మాట. మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, క్యాన్సర్ ఆపరేషన్, కీమో రెండూ అందులో ఉన్నాయి. పొలం అమ్మే ముందు ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి.

ఇక మీ ప్రశ్నలు. దొడ్డి సంగతి నలుగురిలో అడగడం ఇబ్బందే, తెలుసు. చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు. వయసు, ఎన్నాళ్లుగా రక్తం పడుతోంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఈ మూడూ రాస్తే చాలు.