ముందు ఎండాకుల బస్తా, తర్వాతే బకెట్

హోస్ట్: అందరికీ నమస్తే. ఇవాళ హన్మకొండలో ఒక డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, మధ్యలో పావురాల గోల వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ చేసుకోండి. అక్కా, సూటిగా అడుగుతా. వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని చాలామంది మొదలుపెడతారు, వాసన రాగానే మొత్తం చెత్త బండిలో పడేస్తారు. ఎక్కడ తేడా కొడుతోంది?

అక్క: తడి చెత్త ఒక్కటే వేస్తున్నారు తమ్ముడూ, అక్కడే. సొరకాయ తొక్క, పాడైన టమాటా, తోటకూర కాడలు, వీటిలో ముప్పావు వంతుకు పైగా నీళ్లే. అవే వేసి మూత పెడితే అడుగున రసం నిలుస్తుంది, గాలి ఆడదు, గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా చేరి కుళ్లిన కోడిగుడ్డు వాసన లేపుతుంది. అందుకే నన్నెవరైనా ఏ బకెట్ కొనాలి అని అడిగితే, ఇంట్లో ఎండాకుల బస్తా ఉందా అని తిరిగి అడుగుతా. లేకపోతే ముందు అది నింపుకోండి.

హోస్ట్: ఎండాకులకు అంత సీనుందా?

అక్క: ఉంది మరి. చెత్తను తినే సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు ఉంటే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు కావాలి. కూరగాయ తొక్కల్లో కార్బన్ అంత ఉండదు, ఎండాకుల్లో దండిగా ఉంటుంది. లెక్కలు మనకెందుకుగానీ, ఒక గిన్నెడు తొక్కలు వేస్తే రెండు గిన్నెల ఎండాకులు నలిపి పైన కప్పెయ్యి, చాలు. ఊళ్లో పెంటకుప్ప చూడు, పేడ ఒక్కటే ఉండదు కదా, పశువులు తినగా మిగిలిన గడ్డి కూడా అందులోనే పడుతుంది.

హోస్ట్: సిటీలో ఎండాకులు ఎక్కడ దొరుకుతాయి అంటారు...

అక్క: అయ్యో, ఉగాదికి ముందు వేపచెట్లన్నీ రాలుస్తాయి, గల్లీ ఊడ్చి కుప్ప చేసి అగ్గి పెడతారు, చూస్తుంటే పానం ఉసూరుమంటుంది. ఖాళీ బియ్యం బస్తాలు పట్టుకెళ్లి నింపుకొచ్చుకుంటే ఏడాదంతా వస్తాయి. ఇంకోటి, ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కారం పట్టిస్తాం కదా, మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరు మనది, ప్రతి ఇంట్లో గంపెడు మిరప తొడిమలు మిగులుతాయి. అవి కూడా ఎండు సరుకే. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, లేదంటే తుమ్ములే తుమ్ములు.

హోస్ట్: సరే, బకెట్ సంగతి చెప్పు.

అక్క: 20 లీటర్ల పాత పెయింట్ బకెట్ చాలు. ఇనుప చువ్వ వేడి చేసి అడుగున, చుట్టూ బొక్కలు పెట్టాలి, కింద ఒక ప్లేటు పెట్టాలి. అడుగున నాలుగు వేళ్ల మందం ఎండాకులు, ఆపైన తొక్కలు, మళ్లీ ఆకులు. తొక్కలు చిన్న ముక్కలుగా కోస్తే తొందరగా అవుతుంది. మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగో, పేడ నీళ్లో చల్లు. మూడు నాలుగు రోజులకోసారి కట్టెతో కిందామీదా కలుపు. పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద కావాలి, నీళ్లు మాత్రం కారకూడదు. కారితే ఆకులు కలుపు, పొడిపొడిగా రాలితే కొంచెం నీళ్లు చల్లు. మాంసం, ఎముకలు, నూనె తేలే కూరలు మాత్రం వద్దు, ఎలుకలొస్తాయి.

హోస్ట్: మా అమ్మకు పురుగులంటే టెన్షన్. తెల్లగా, లావుగా ఉంటాయే...

అక్క: అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. మనల్ని ఏం చేయవు, చెత్తను గబగబా తినేస్తాయి. పెద్దయ్యాక కూడా ఆ ఈగ ఇంటి ఈగలా అన్నం మీద వాలదు. అవి మరీ ఎక్కువైతే తడి ఎక్కువైందని అర్థం, ఆకులు వేసి కలుపు. కోళ్లుంటే అసలు మిగలనివ్వవు!

హోస్ట్: మన ఎండలకు ఆ బకెట్ తట్టుకుంటుందా?

అక్క: మే నెలలో 44 డిగ్రీల ఎండలో డాబా మీద పెడితే సరుకు ఎండిపోతుంది, తడి లేకపోతే కుళ్లడం ఆగిపోతుంది. నీళ్ల ట్యాంకు నీడకు జరుపు. వానాకాలంలో మూత తెరిచి ఉంచకు, అంతే.

హోస్ట్: బతుకమ్మ పూలు వేయొచ్చా?

అక్క: బతుకమ్మ చెరువుకు పోతుంది, కానీ పేర్చగా ఇంట్లో మిగిలేది తక్కువా? తంగేడు కొమ్మలు, గునుగు కాడలు, నలిగిన బంతిపూలు, సద్దుల బతుకమ్మ నాటికి వాకిలి నిండిపోతుంది. పూలు, లేత ఆకులు పచ్చి సరుకు కింద లెక్క, కట్టెల్లాంటి కాడలు తుంచి ఎండబెట్టి వాడుకోవాలి. రంగులో ముంచిన గునుగు మాత్రం నేను పక్కన పెడతా, ఆ రంగులో ఏముందో ఎవరికి తెలుసు? దారాలు, ప్లాస్టిక్ ఏరేయాలి. దాన్ని మించిన విసుగు పని ఇంకోటి లేదు.

హోస్ట్: అయిందని ఎలా తెలుస్తుంది?

అక్క: రెండు మూడు నెలలకు నల్లగా, మట్టి వాసన వస్తుంది, కుప్ప సగానికంటే కిందికి దిగిపోతుంది. ఇసుక జల్లెడతో జల్లించి, పైన మిగిలిన మామిడి టెంకలు, కాడలు మళ్లీ కొత్త బకెట్లో వేస్తా. అనుమానముంటే ఒక గిన్నెలో ఆ ఎరువు పోసి మెంతులు చల్లు. నాలుగైదు రోజుల్లో చక్కగా మొలిస్తే తయారైనట్టే, మొలవకపోతే ఇంకో రెండు వారాలు వదిలేయ్. తయారయ్యాక మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు కలుపు, ఉత్త ఎరువులోనే మొక్క పెట్టకు.

హోస్ట్: మరి ఆ మొలిచిన మెంతులు?

అక్క: మెంతికూర పప్పు చేసుకో, ఇంకేంది!