ఉదయం తలుపులు తీసిన పిల్లవాడు

(పాలకొల్లులో సంఘ పెద్దలు, ఆదివారపు బడి టీచర్లు కలిసిన సదస్సులో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు దాటి వచ్చినవారికి, రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ముగించుకుని నిద్ర లేకుండానే ఇక్కడికి చేరినవారికి ఇంకొక వందనం.

"మన పిల్లలు సంఘానికి ఎందుకు దూరమవుతున్నారు" అని నాకు అంశం ఇచ్చారు. పిల్లల సంగతి పిల్లలనే అడగాలి. నేను మన సంగతి మాట్లాడతాను. ఈ హాల్లో పాస్టర్లు కొద్దిమందే ఉన్నారు. మిగిలినవాళ్ళమంతా జీతం లేని పనివాళ్ళం: కోశాధికారులు, బడి టీచర్లు, స్త్రీల సమాజం కార్యదర్శులు, తెల్లవారుజామున గంట కొట్టేవాళ్ళు. పాస్టరుగారికి బదిలీ ఉంటుంది. మనకు ఉండదు. ఐదేళ్ళ పిల్ల పాతికేళ్ళ యువతి అయ్యేదాకా ప్రతి ఆదివారం అదే బెంచీ మీద ఆమెకు కనిపించే ముఖాలు మనవి. అందుకే ఈ బాధ్యత పాస్టరుగారి మీదకు నెట్టి తప్పించుకోలేం.

సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం మీలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ కథను మనం ఎప్పుడూ పిల్లవాడైన సమూయేలు వైపు నుంచే చెబుతాం. పిలుపు విన్నాడు, లేచాడు, పరుగెత్తాడు. ఈసారి ముసలి యాజకుడు ఏలీ వైపు నుంచి చదవండి. ఏలీకి చూపు మందగించింది. కొడుకులు చెడిపోయారు, జనం తెచ్చిన బలి మాంసాన్ని బలవంతంగా లాక్కునేవారు. అలాంటి మనిషిని ఒక కుర్రవాడు, ఆయనే పిలిచాడనుకుని, ఒకే రాత్రిలో మూడుసార్లు లేపాడు. పిలుస్తున్నది ప్రభువని మూడోసారికి ఏలీ గ్రహించాడు. అప్పుడైనా "నువ్వు పడుకో, నేను కనుక్కుని వస్తాను" అనలేదు. యాజకుడు, పెద్దవాడు, అనడానికి హక్కున్నవాడు. ఏమని బదులు పలకాలో ఒక్క వాక్యం నేర్పి, పిల్లవాణ్ణే వెనక్కి పంపాడు. తెల్లవారాక మందిరం తలుపులు తీసింది సమూయేలే అని వాక్యం చెబుతోంది. అంటే ఆ పని అప్పటికే అతని చేతిలో ఉంది. తర్వాత ఏలీ అతన్ని పిలిచి, ఏమీ దాచకుండా చెప్పమన్నాడు. చెప్పింది ఏలీ ఇంటి మీది తీర్పే. విన్నాడు. పిల్లవాడి మీద కోప్పడలేదు.

తన కొడుకుల విషయంలో ఓడిపోయిన తండ్రి ఈ పని చేయగలిగాడు. సొంత పిల్లలే గుడికి రావడం లేదన్న సిగ్గుతో వెనక వరుసలో కూర్చున్నవారు ఎవరైనా ఉంటే, ఈ మాట ముందుగా వారికే చెబుతున్నాను.

జీతం లేనివాళ్ళతో ఏమవుతుందని అనిపిస్తే, ఈ డెల్టాలో సువార్త ఎలా మొదలైందో చూడండి. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండులో ఓడెక్కి, ఆ తర్వాత నరసాపురంలో కాపురముండిపోయిన విలియం బౌడెన్, జార్జి బీర్ పట్టం పొందిన పాదిరులు కారు. వారి సహవాసంలో పాదిరి పట్టమన్నదే లేదు. ఆ తర్వాత 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్నప్పుడు, పని కోసం ఊళ్ళు వదిలి అక్కడ చేరిన కూలీల మధ్య వాక్యం చెప్పారు. కాకినాడ వైపు చూస్తే థామస్ గాబ్రియేలు కనిపిస్తాడు. తెలుగువాడు, తంతి (టెలిగ్రాఫ్) శాఖలో ఉద్యోగి. సొంతంగా పని మొదలుపెట్టి, సువార్తికులను పోషించలేక అప్పుల్లో పడి, కెనడా బాప్టిస్టులకు కబురు పెట్టాడు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ వచ్చింది ఆ కబురు మీదే. మెక్లారిన్ పేరు హైస్కూలుకు ఉంది. తంతి ఉద్యోగి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నన్నడిగితే బడిలో ఒక ఆదివారమంతా గాబ్రియేలు కథకే ఇవ్వవచ్చు.

మన ఆదివారపు బడికే వద్దాం. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో దీనికి ఊపు తెచ్చిన రాబర్ట్ రెయిక్స్ ఒక పత్రిక నడుపుకునే మనిషి. వారమంతా పనుల్లో నలిగే పేద పిల్లలకు ఖాళీ దొరికేది ఆదివారమే. ఆ రోజు వారికి చదవడం నేర్పారు. బైబిలే వాచకం. ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన పిల్లలకు మళ్ళీ అదే అవసరం వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతి చదివే పిల్లకు కీర్తనల పుస్తకం ఇచ్చి చూడండి. ట్యూను వస్తుంది, అక్షరం పలకదు. బైబిలులోని పాత తెలుగు సరేసరి. చదవలేని వాక్యాన్ని ఆ పిల్ల రేపు హాస్టలు గదిలో ఒంటరిగా ఎలా తెరుస్తుంది? రంగుల బొమ్మలూ యాక్షన్ సాంగులూ కొంచెం తగ్గించి, ఇరవై నిమిషాలు తెలుగు చదివించమని నా మనవి. ఇది బడిపంతులమ్మ చాదస్తం అనుకున్నా నాకు బాధ లేదు.

దీనికి మన ఇళ్ళలోనే మంచి తోడు ఉంది. ఈ జిల్లాల నుంచి ఎంతమంది తల్లులు కువైట్‌కు, మస్కట్‌కు ఇంటి పనికి వెళ్ళారో మీకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి అపొస్తలుడు పౌలు రాస్తూ ముందు అవ్వ లోయి పేరు చెప్పాడు, తర్వాతే తల్లి యునీకే పేరు. మన లోయిలకు కళ్ళు కనిపించవు, చాలామందికి చదువు రాదు. వాక్యం మాత్రం గుండెలో ఉంది. రాత్రి భోజనాలయ్యాక పిల్ల తడుముకుంటూ ఒక కీర్తన చదువుతుంది. ఎక్కడ తప్పు పోయినా అమ్మమ్మ అక్కడ పట్టుకుంటుంది. ఇద్దరికీ పని జరుగుతుంది. అమ్మ ఫోను చేసే వేళకు ఇది పెట్టుకుంటే కుటుంబ ప్రార్థనలో ఆమె కూడా ఉన్నట్టే. టీచర్లు ఆదివారం పిల్లను "వారమంతా అమ్మమ్మకు ఏం చదివి వినిపించావు" అని అడిగితే చాలు, హాజరు పుస్తకం కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇక అసలు గండం పదో తరగతి తర్వాత వస్తుంది. డిసెంబరులో నక్షత్రాలు కట్టేది వాళ్ళే, నాటకంలో గొర్రెల కాపరులు వాళ్ళే. జూన్‌లో ఇంటర్మీడియట్ హాస్టలుకు వెళతారు. అక్కడ ఆదివారం కూడా పరీక్షే. రెండేళ్ళ తర్వాత ఇంజనీరింగ్, అక్కడి నుంచి హైదరాబాదు, బెంగళూరు. పెళ్ళికి పాస్టరుగారి సంతకం కావలసి వచ్చినప్పుడు తిరిగి కనిపిస్తారు. దీనికి మనం సెల్‌ఫోనును తిడతాం. శివారు పొలానికి నీరు అందకపోతే ఈ డెల్టా రైతు వానను తిట్టుకుంటూ కూర్చోడు, గట్టు వెంట పైకి నడిచి ఎక్కడ పూడిక పడిందో చూస్తాడు. మనమూ చూద్దాం. ఆ పిల్లవాడు ఊరు వదిలిన రోజు నుంచి సంఘంలో ఎవరైనా అతనికి ఫోను చేశారా? అతను దిగిన ఊళ్ళో తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో కనుక్కుని చెప్పారా? చందా బాకీ గురించి తండ్రికి మాత్రం కబురు పంపాం.

ఫోను చేసినప్పుడు "గుడికి వెళుతున్నావా" అని మొదటి ప్రశ్న వేయకండి. అబద్ధం చెప్పించిన వాళ్ళమవుతాం. అన్నం ఎలా ఉంది, రూములో ఎవరున్నారు, కెమిస్ట్రీ ఎలా సాగుతోంది అని అడగండి. నాలుగో ఫోనుకో ఐదో ఫోనుకో తనే ఏదో ఒకటి బయటపెడతాడు. అది ప్రార్థన మనవి కావచ్చు, "దేవుడు ఉన్నాడా అండీ" అన్న ప్రశ్న కావచ్చు. రెండోది వినగానే గాభరాపడి వాక్యాలు గుమ్మరించకండి. అడగడానికి మిమ్మల్ని ఎంచుకున్నాడు, అది తక్కువ సంగతి కాదు.

ప్రశ్నల మాట వచ్చింది కాబట్టి, మన సంఘాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడని ఒకటి ఉంది. ఇంటర్ దరఖాస్తులో కులం గడి, మతం గడి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బి.సి.-సి (వెనుకబడిన తరగతుల్లో సి వర్గం) కింద లెక్కిస్తారు. మన పేటల్లో పదిహేనేళ్ళ పిల్ల ఈ గడి ముందు ఆగి తండ్రి ముఖం చూస్తుంది. ఆదివారం పాడిందానికీ సోమవారం రాసిందానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆమె ఆ రోజే కొలుస్తుంది. ఏం రాయాలో నేను ఇక్కడి నుంచి తీర్పు చెప్పను. స్కాలర్‌షిప్పు లేకపోతే చదువు ఆగిపోయే ఇంటికి నీతి బోధించే హక్కు నాకు లేదు. అయితే ఈ సంగతి చరిత్రతో సహా, చట్టంతో సహా, యువజన కూటమిలో కూర్చోబెట్టి చెప్పాలి. మనం నోరు మూసుకుంటే, విశ్వాసమంటే కాగితం దగ్గర దాచుకునే వస్తువని పిల్లలు నేర్చుకుంటారు.

కులం దగ్గర మరొకటి అడుగుతారు, ఇంకా సూటిగా. ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టె విరిచి, సంబంధాలు వెతికేటప్పుడు మాత్రం ఫలానా వాళ్ళే కావాలని ఎందుకంటామని. దీనికి వాక్యంలో జవాబు ఉంది. మన ప్రవర్తనలో లేదు. సమూయేలు ఏలీకి చెప్పిన మాట లాంటిదే ఇది, చేదుగా ఉంటుంది. విని తీరాలి.

బాధ్యతల సంగతికి వస్తే, కుర్రవాళ్ళకు మనం ఏమిస్తున్నాం? మైకు, కీబోర్డు, ప్రొజెక్టరు. లెక్కల పుస్తకం ఇవ్వం. బీరువా తాళాలు అసలే ఇవ్వం. బడిలో పాఠం చెప్పేది ఎక్కువగా ఆడపిల్లలే, కమిటీలో వాళ్ళ పేరు వెతుక్కోవాలి. దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చేయి పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అన్న పౌలు మాట పలికించేవారు. మొదటి రోజే పని అప్పగించడమన్నమాట. మనం నలభై ఏళ్ళు దాటినవాణ్ణి కూడా "ఇంకా కుర్రాడు" అంటాం.

ఒక కోశాధికారి పక్కన ఒక డిగ్రీ పిల్లవాణ్ణి, ఒక డిగ్రీ పిల్లను ఏడాదిపాటు కూర్చోబెట్టండి. కానుకల సంచి వాళ్ళ ఎదుటే లెక్కపెట్టండి. రసీదులు వాళ్ళు రాయాలి, ఏడాది చివర లెక్కలు సంఘం ముందు వాళ్ళే చదవాలి. కొందరికి ఇది మింగుడుపడదని నాకు తెలుసు. ఏలీ కొడుకులు పాడు చేసింది కూడా జనం తెచ్చిన కానుకనే కదా. ఆస్తుల కోసం, ఎన్నికల కోసం పెద్దలు కోర్టు మెట్లెక్కడం చూసి పెరిగిన పిల్లలకు, లెక్క సరిగ్గా తేలిన ఒక్క ఏడాది పది ఉజ్జీవ కూటాలంత మేలు చేస్తుంది. తప్పులు చేస్తారు. రసీదు పుస్తకం పోగొడతారు. కొత్తది అచ్చు వేయించుకుందాం.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. పిల్లలతో పనిచేసే చోట ఒక్క పెద్దవాడే ఉండే గది ఉండకూడదు. కనీసం ఇద్దరు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఎవరైనా పిల్ల ఏదైనా చెబితే "సంఘం పరువు" అని అణచకండి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరమే. చట్టం లేకపోయినా మనం చేయవలసిందే.

భోజనాలు సిద్ధమయ్యాయట. తిన్నాక సంఘాల వారీగా కూర్చోండి. ఈ ఏడాది మీ సంఘం నుంచి ఇంటర్‌కు, డిగ్రీకి, గల్ఫ్‌కు, పనికి వెళ్ళిన ప్రతి పిల్ల పేరు, పిల్లవాడి పేరు రాయండి. ఎక్కడున్నారో రాయండి. పక్కన ఫోను చేసే పెద్ద పేరు రాయండి. ఆ స్థలంలో పాస్టరుగారి పేరు వద్దు. కాగితాలు నాకు ఇవ్వనక్కరలేదు, మీ దగ్గరే ఉంచుకోండి. హాస్టళ్ళలో ఫోన్లు చేతికిచ్చేది ఆదివారం సాయంత్రమే అంటున్నారు. ఆ వేళకు కమిటీ మీటింగు ఉంటే వాయిదా వేసుకోండి.